వాదనం వాద్యమైనప్పుడు: ‘ఆమెన్, బ్రదర్’ డ్రమ్ము ఖండంపై విమర్శాత్మక పరిశీలన

ఉపోద్ఘాతం

1969లో అమెరికా రాజధాని వాషింగ్టన్‌కు చెందిన ‘ది విన్‌స్టన్స్’ అనే సోల్ సంగీత బృందం ‘కలర్ హిమ్ ఫాదర్’ అనే పాటను విడుదల చేసింది. ఆ పాటకు గ్రామీ పురస్కారం లభించింది. అదే గ్రామఫోన్ రికార్డు రెండో వైపున ‘ఆమెన్, బ్రదర్’ అనే వాద్యరచన ఉంది. విడుదలైన కాలంలో దానిని ప్రత్యేకంగా పట్టించుకున్నవారు తక్కువ. ఆ రచన మధ్యలో ఒకచోట తక్కిన వాద్యాలన్నీ ఆగిపోతాయి. డ్రమ్ములు వాయించే గ్రెగరీ కోల్‌మన్ ఒక్కరే నాలుగు బార్లు, అంటే దాదాపు ఏడు సెకన్లు, వాయిస్తారు. ఆ తర్వాతి దశాబ్దాలలో వేలాది రికార్డింగులకు ఆధారమైన ‘ఆమెన్ బ్రేక్’ ఈ ఏడు సెకన్ల ఖండమే.

దీనిపై వెలువడిన వ్యాఖ్యానాలు ఎక్కువగా రెండు దారులు పట్టాయి. ఒక దారి దీనిని ఒక కళాకారుని శ్రమ అపహరణకు గురైన కథగా చెప్తుంది. మరొక దారి చౌకగా దొరికిన యంత్రాలతో పేద యువకులు సృష్టించిన కొత్త సంగీతంగా కీర్తిస్తుంది. రెండింటిలోనూ నిజముంది. అయితే రెండూ దాటవేసే ప్రశ్న ఒకటుంది: ఒక వాదనాన్ని ముక్కలుగా కోసి, ఆ ముక్కలను కీబోర్డు మెట్లకు కట్టినప్పుడు సంగీతపరంగా జరిగేదేమిటి? అంతవరకు వాదనంగా ఉన్నది ఆ క్షణం నుంచి వాద్యమవుతుంది. ఈ మార్పు కేవలం సాంకేతికమైనది కాదు. ఎక్కడ కోయాలన్న నిర్ణయమే వాదనాన్ని ఒక విధంగా చదవడం.

కోత పడే చోటు

కోత మొదట జ్ఞాపకశక్తి కొరతలోంచి పుట్టింది. 1987లో వచ్చిన ఈ-ము సంస్థ ఎస్‌పి-1200 యంత్రంలో మొత్తం పది సెకన్ల శబ్దాన్ని మాత్రమే దాచుకోవచ్చు; ఒక్కో శబ్దానికి రెండున్నర సెకన్లు మించవు. ఏడు సెకన్ల కోల్‌మన్ వాదనం అందులో ఒక్క ముక్కగా ఇమడదు. కోయక తప్పని స్థితిలో కోసినవారికి, కోసిన ముక్కలను వేరే వరుసలో వాయించవచ్చునన్న సంగతి చేతికందింది. మరుసటి ఏడాది వచ్చిన అకై ఎంపీసీ60 మీది పదహారు రబ్బరు పలకలు ఈ పనిని వేళ్లకు అలవాటు చేశాయి.

1994లో స్వీడన్‌కు చెందిన ప్రొపెల్లర్‌హెడ్ సంస్థ ‘రీసైకిల్’ అనే సాఫ్ట్‌వేర్‌ను తెచ్చింది. అది లూప్‌లో ప్రతి దెబ్బ మొదలయ్యే చోటును శబ్దతీవ్రతలో వచ్చే హఠాత్తు పెరుగుదలనుబట్టి గుర్తిస్తుంది, అక్కడ గీత గీస్తుంది, గీతల మధ్య భాగాలను వరుసగా ఒక్కో మెట్టుకు అప్పగిస్తుంది. దీనివల్ల పాత చిక్కు ఒకటి తీరింది. రికార్డును వేగంగా తిప్పితే శ్రుతి కూడా పెరుగుతుంది. నిమిషానికి సుమారు 137 దెబ్బల వేగంతో ఉన్న కోల్‌మన్ వాదనాన్ని 165కు పెంచితే శ్రుతి మూడు స్వరస్థానాలకు పైగా ఎగబాకుతుంది. ముక్కలు చేసిన లూప్‌లో అలా జరగదు. ప్రతి ముక్క తన శ్రుతిలోనే ఉంటుంది. ఒకదాని తర్వాత మరొకటి మోగే ఎడం మాత్రమే తగ్గుతుంది. వేగం తగ్గించినప్పుడు ముక్కల మధ్య ఖాళీలు తేలుతాయి. వాటిని పూడ్చడానికి సాఫ్ట్‌వేర్ ప్రతి ముక్క తోకను కృత్రిమంగా సాగదీస్తుంది. ఆ తోకలో వినిపించే అనురణనం ఏ గదిలోనూ పుట్టినది కాదు. 2007లో వచ్చిన ఏబుల్టన్ లైవ్ ఏడో కూర్పు నాటికి ఈ పనంతా ఒక్క ఆదేశంతో ముగిసే స్థితికి చేరింది.

గీతలు గీసే విధానంలో ఒక తీర్పు దాగి ఉంది. గుర్తింపు సున్నితత్వాన్ని తగ్గిస్తే పెద్ద దెబ్బలు మాత్రమే ముక్కలకు మొదళ్లవుతాయి. స్నేర్ డ్రమ్ము మీద కర్ర తాకీ తాకనట్టు పడే చిన్న దెబ్బలు తమ ముందున్న పెద్ద దెబ్బకు తోకగా మిగిలిపోతాయి. సున్నితత్వాన్ని పెంచితే ఆ చిన్నవి కూడా స్వతంత్ర మెట్లవుతాయి. అయితే కోల్‌మన్ నడకకు ఆ ఊపునిచ్చినవి ఈ చిన్న దెబ్బలే. ఏది దెబ్బ, ఏది రెండు దెబ్బల నడుమ గాలి అన్నది వ్యాకరణ ప్రశ్న వంటిదే. యంత్రం దానికి బిగ్గరతనం ఆధారంగా మాత్రమే సమాధానం చెప్తుంది. మరో పద్ధతి, లూప్‌ను పదహారవ వంతులుగా సమంగా కోయడం. అప్పుడు కోల్‌మన్ కొంచెం ఆలస్యంగా వేసిన దెబ్బ ముందు సన్నని నిశ్శబ్దం మిగులుతుంది, కొంచెం ముందుగా వేసిన దెబ్బకు మొదలే తెగిపోతుంది. అందుకే అనుభవజ్ఞులు యంత్రం గీసిన గీతలను చెవితో సరిచూసి చేత్తో జరుపుతారు.

జతి, ముక్క

ముక్కల పునర్విన్యాసం కర్ణాటక సంగీత శ్రోతకు కొత్తగా అనిపించకపోవచ్చు. మృదంగ విద్వాంసుడు తనియావర్తనంలో తకిట, తకధిమి వంటి జతులను కూర్చి, విడదీసి, తిప్పి మళ్లీ సమానికి చేరుస్తాడు. పోలిక ఇంతవరకు సరైనదే. జతికి మాత్రం గది లేదు, తేదీ లేదు, యజమాని లేడు. ‘తకధిమి’ ఎవరి నోటనైనా పలుకుతుంది; పలికిన ప్రతిసారీ కొత్తగా పుడుతుంది. ముక్క అలాంటిది కాదు. అది 1969లో ఒక స్టూడియోలో ఒక వ్యక్తి చేయి వేసిన ఒకేఒక్క దెబ్బ. దాని వెనుక ఆ గది ఉంటుంది, ఆ మైకు ఉంటుంది, అప్పటికింకా మోగుతూ ఉన్న సింబల్ ఉంటుంది. అదే ముక్కను ఎనిమిదిసార్లు వేగంగా మోగిస్తే ఎనిమిదీ వెంట్రుకవాసి తేడా లేకుండా ఒకటే. మనిషి చేయి అలా వాయించలేదు.

జంగిల్ సంగీతం ఈ అసహజత్వాన్ని దాచిపెట్టలేదు, దానినే ఆధారం చేసుకుంది. కోల్‌మన్ రైడ్ సింబల్ మోత ఒక ముక్కలోంచి తర్వాతి ముక్కలోకి పారుతూ ఉంటుంది. ముక్కల వరుస మారగానే ఆ మోత మధ్యలో తెగి, మరోచోట మధ్యలోనే మొదలవుతుంది. 1990ల తొలి భాగంలో లండన్‌లో తయారైన రికార్డులలో వినిపించే తళతళ చాలావరకు ఇలా తెగిన సింబల్ మోతే. అతుకు వినబడడమే అక్కడ అందం.

ఇదే ఖండాన్ని రెండు తీర్లలో వాడిన రచనలను పక్కపక్కన పెడితే భేదం స్పష్టమవుతుంది. 1988లో ఎన్.డబ్ల్యు.ఎ. బృందం ‘స్ట్రెయిట్ అవుటా కాంప్టన్’లో దీనిని నెమ్మదింపజేసి లూప్‌గా పరిచింది. అక్కడ డ్రమ్ములు నేల, మాట దాని మీద నడుస్తుంది. 1994 నాటి షై ఎఫ్‌ఎక్స్, యు.కె. అపాచీల ‘ఒరిజినల్ నటా’ వంటి జంగిల్ రచనలలో డ్రమ్ములే ముందుకు వస్తాయి. కింద బేస్ సగం వేగంతో నింపాదిగా కదులుతుంటే, పైన ముక్కలు పరుగెత్తుతాయి. మొదటి వాడుక కోల్‌మన్‌ను సహవాద్యకారుడిగానే నిలిపింది. రెండోది ఆయన చేతిని ప్రధాన వాద్యం చేసింది, అయితే ఆయన వాయించని వరుసలో.

కోల్‌మన్ నాలుగు బార్లకు సొంత నిర్మాణం ఉంది. మొదటి రెండు ఒకే తీరు. మూడోదానిలో ఒక స్నేర్ దెబ్బ వెనక్కి జరుగుతుంది. నాలుగోది మొదటి దెబ్బను ఖాళీగా వదిలి, ఎదురుచూసే చోటుకంటే ముందే క్రాష్ సింబల్‌ను మోగిస్తుంది. ఎదురుచూపును కట్టి, వంచి, తెంచే వాక్యమిది. మంచి కూర్పరులు ముక్కలను చెదరగొట్టినా ఈ వాక్యాన్ని మరచిపోరు; వెనక్కి జరిగిన ఆ స్నేర్‌ను, ముందే మోగిన ఆ సింబల్‌ను చివరి దాకా దాచి ఉంచుతారు. ముక్కల వరుసను యాదృచ్ఛికంగా మార్చే మీటను నొక్కి వచ్చిన ఫలితాన్ని అలాగే వదిలే పద్ధతి నేడు ప్రబలింది. ఆ పద్ధతిలో పుట్టినవాటిలో ఆశ్చర్యం చాలా ఉంటుంది. ఎదురుచూపు లేనిచోట ఆశ్చర్యం ఎంతోసేపు నిలవదు.

పేరు రాలిపోయే చోటు

కోల్‌మన్ 2006లో అట్లాంటాలో నిలువ నీడలేని స్థితిలో మరణించారు. ఈ ఖండం వాడకం వల్ల ఆయనకు ఏమీ ముట్టలేదు. హక్కుదారుడైన బృందనాయకుడు రిచర్డ్ స్పెన్సర్ కోసం 2015లో బ్రిటన్‌లోని అభిమానులు సుమారు 24,000 పౌండ్లు సేకరించారు. అది ధర్మం కింద వచ్చిన సొమ్మేగాని హక్కు కింద వచ్చినది కాదు. హక్కు అమలైనా స్వరకర్త కాని డ్రమ్మరుకు దక్కేది స్వల్పమేనన్నది ఇక్కడ గమనించదగిన విషయం.

న్యాయస్థానాలు కోత పరిమాణం గురించి తర్జనభర్జన పడ్డాయి. 2005లో అమెరికా ఆరో సర్క్యూట్ అప్పీలు కోర్టు రెండు సెకన్ల గిటారు ఖండానికి కూడా అనుమతి అవసరమని తేల్చింది. 2016లో తొమ్మిదో సర్క్యూట్ కోర్టు పావు సెకను కూడా లేని వాద్యధ్వనిని ఉపేక్షించదగినదిగా పరిగణించింది. క్రాఫ్ట్‌వర్క్ బృందపు రెండు సెకన్ల లయఖండంపై 2019లో ఐరోపా సమాఖ్య న్యాయస్థానం ఇచ్చిన తీర్పు ప్రకారం, చెవికి గుర్తుపట్టరానంతగా మారిన ఖండం హక్కు ఉల్లంఘన కాదు. దీని పర్యవసానం విచిత్రమైనది. కోత ఎంత సన్నగా ఉంటే, మూలం ఎంతగా చెరిగిపోతే, కోసినవారికి అంత రక్షణ. మూలవాదనాన్ని గౌరవంగా నిలిపిన కూర్పే ఎక్కువ చిక్కులో పడుతుంది.

భారతీయ చట్టంలోనూ ఈ సందు ఉంది. 2012 సవరణతో చేరిన 38-బి నిబంధన ప్రదర్శకునికి తన ప్రదర్శనతోపాటు పేరు చెప్పించుకునే హక్కునిస్తుంది. ప్రదర్శనను వాడే తీరునుబట్టి పేరు వదిలివేయవలసి వచ్చిన సందర్భాలను మాత్రం మినహాయిస్తుంది. ఒక దెబ్బ ఒక మెట్టుకు చేరినప్పుడు, పేరు చెప్పే వీలు లేకపోవడమే ఆ వాడుక తీరని వాదించడం కష్టం కాదు.

తెలుగునాట ఈ ప్రశ్న డప్పు దగ్గర మరింత పదునెక్కుతుంది. డప్పు తోలును మంట సెగకు కాచి బిగిస్తారు. వాయిస్తున్న కొద్దీ అది చల్లారి వదులవుతుంది, వాయిద్యకారుడు మళ్లీ మంట దగ్గరికి వెళ్తాడు. ఒక ప్రదర్శనలోనే డప్పు శ్రుతి ఎన్నోసార్లు పడి లేస్తుంది; ఆ పడిలేవడం దరువుల ఎంపికను కూడా ప్రభావితం చేస్తుంది. ముక్కగా కోసినప్పుడు వాటిలో ఒక్క క్షణపు బిగువు మాత్రమే మెట్టుకెక్కుతుంది. లూప్‌ల పేర్లలో సాధారణంగా వేగం అంకె, వాద్యం పేరు ఉంటాయి. ఏ ఊరి డప్పు, ఎవరి చేయి, కాచిన తర్వాత ఎంతసేపటికి తీసిన దెబ్బ అన్నవి ఉండవు. విశ్వవిద్యాలయాల జానపద విభాగాలు తమ ధ్వనిభాండారాలను డిజిటల్ రూపంలోకి మార్చేటప్పుడు ఈ మూడు వివరాలను ఫైలు వెంట నమోదు చేయడానికి సాంకేతికమైన అడ్డంకి ఏదీ లేదు.