వల కన్ను, కంటి చూపు

పోర్ట్ బ్లెయిర్‌కు 2024లో శ్రీ విజయపురం అని పేరు మారింది. అక్కడి ఉప్పుగాలి మాత్రం మారలేదు. చెన్నై, విశాఖల నుంచి ఓడలో దాదాపు మూడు రోజుల దూరంలో ఉన్న ఆ ఊళ్లో కళ్లద్దాలు అమర్చేవాళ్లంటే నాకు ఎంతో గౌరవం.

ఆ ఊళ్లోని జంగ్లీఘాట్‌లో తెలుగు మత్స్యకార కుటుంబాలున్నాయి. అక్కడ చత్వారం వచ్చిన మనిషికి పుస్తకం చదివే దూరానికి అద్దం ఇచ్చి పంపితే సరిపోదు. ఆయన వల అల్లేది ఒళ్లో, ఒక్కోసారి చేయి చాచినంత దూరంలో. అందుకే మంచి పనివాడు ముందు "వల ఎలా పట్టుకుంటావు మావా, చూపించు" అంటాడు. టేపుతో ఆ దూరం కొలిచాకే పవర్ రాస్తాడు. అక్షరాలు రాని కంటికి, నాలుగు దిక్కులకూ తిరిగిన ఒకే గుర్తున్న పటం చాలు. తెలుగు, బెంగాలీ, తమిళం అన్న తేడా దానికి లేదు.

ఆస్టిగ్మాటిజాన్ని సరిచేసే సిలిండర్ అద్దం అమర్చడం ఇంకా సున్నితం. దాని అక్షం 10 డిగ్రీలు పక్కకి పోతే దిద్దుబాటులో మూడో వంతు పోతుంది. 30 డిగ్రీలు తప్పితే ఆ అద్దం పెట్టుకున్నా లాభం ఉండదు.

తేమకు పరికరాల లెన్సుల మీద బూజు పడుతుంది, మరలు తుప్పుపడతాయి. రోజూ పని ముగిశాక లెన్సులు తుడిచి, సిలికా జెల్ పొట్లాలతో డబ్బాలో భద్రపరుస్తారు. తుఫానుకు ఓడ ఆగితే సరుకూ ఆగుతుంది. అప్పుడు పాత ఫ్రేముకే కొత్త మర బిగించి, ముక్కు దగ్గర వంపు సరిచేసి, మళ్లీ ముఖానికి పెట్టి చూస్తారు.