ఇనుముకా, బండికా

"ఇనుముకు తీస్కుంటావా అప్పా, బండికి తీస్కుంటావా?"

మూడేళ్ల కిందట చింతామణి పక్క పల్లెలో, చింతచెట్టు కింద నిలబెట్టి ఒక పెద్దాయన నన్నడిగిన మాట ఇది. ఇనుముకైతే కిలో లెక్క, బండికైతే ఇంకో లెక్క. బండికే అన్నాను. ఆయన బండిని కాకుండా నా చేతుల్ని చూశాడు. కీబోర్డు తప్ప ఇంకేదీ ఎరగని చేతులని పోల్చుకున్నట్టున్నాడు. "సరేలే, అట్లయితే కాగితాలు గూడా వెతికిస్తా" అంటూ లోపలికి పోయాడు.

కాగితాల ప్రకారం అది 1968 నాటి మహీంద్రా ఎఫ్.సి.150 పికప్పు. నంబరు ఎంవై అని మొదలవుతుంది. 1973 నవంబరు 1న కర్ణాటక అని పేరు మారకముందు ఇది మైసూరు రాష్ట్రం, ఆ రోజుల గుర్తు అది. చింతామణి, బాగేపల్లి, ముళబాగిలు వైపు ఏ రాష్ట్రపు నంబరైనా ఇళ్లలో మాట తెలుగే. బండిలో అద్దం పక్కన అతికించిన పటం కూడా కైవారం తాతయ్యది. కన్నడ గడ్డమీద కూర్చుని తెలుగులో తత్వాలు చెప్పిన యోగి ఆయన. బెంగళూరులో ఇరవై ఏళ్లుగా ఉంటూ 'మీ ఊరేది' అన్న ప్రశ్నకి ఇప్పటికీ తడబడే నాలాంటివాడికి ఆ పటం చూస్తే కాస్త ధైర్యం.

ఎఫ్.సి. అంటే ఫార్వర్డ్ కంట్రోల్. బండికి ముక్కు ఉండదు. మామూలు జీపుకి ముందు మూతి, వెనక మనిషి. దీంట్లో మనిషి ముందు చక్రాల మీదే కూర్చుంటాడు, ఇంజను ఆయన ఎడమ తొడ పక్కన ఒక రేకు మూత కింద ఉంటుంది. అమెరికాలో బ్రూక్స్ స్టీవెన్స్ అనే డిజైనరు గీసిన బొమ్మ ఇది. 1957 మోడలుగా అక్కడ విల్లీస్ కంపెనీ అమ్మింది, 1960ల మధ్యకల్లా అక్కడ ఆగిపోయింది. ఇక్కడ మహీంద్రా వాళ్లు అందుకున్నారు. ముందు చక్రానికీ వెనక చక్రానికీ మధ్య దూరం 81 అంగుళాలే, అంటే చిన్న జీపంత. అంత పొట్టి బండి మీద ఆరడుగుల తొట్టి పట్టించారు. బరువంతా ముందుకే కాబట్టి ఖాళీగా ఉన్నప్పుడు బ్రేకు తొక్కితే వెనక భాగం తేలిపోయే గుణం ఉంది. అమెరికా బళ్లలో దానికి విరుగుడుగా వెనక చాసిస్‌కి పోత ఇనుప దిమ్మ బిగించినవి ఉన్నాయి. మన పెద్దాయన విరుగుడు వేరే. ఖాళీగా తిప్పేవాడే కాదు.

మన దేశంలో ఎఫ్.సి. అంటే ఇంకో అర్థముంది. ఫిట్‌నెస్ సర్టిఫికెట్. సరుకు బండికి ఎనిమిదేళ్లు నిండితే ఏటేటా చేయించాలి. "నాది ఎఫ్.సి. బండి" అని నేను మురిసిపోతూ చెప్పినప్పుడల్లా మెకానిక్కులు "ఎఫ్.సి. ఎప్పటిదాకా ఉంది సార్?" అని అడుగుతారు. ఎఫ్.సి.కి ఎఫ్.సి. అయిపోయి చాలా ఏళ్లయిందని చెప్పడానికి నాకు ఇప్పటికీ సిగ్గే.

అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో పెడితే ఊరుకోరు కాబట్టి హొసకోటె వైపు, పాత మద్రాసు రోడ్డుకి దగ్గర్లో ఒక రేకుల షెడ్డు అద్దెకు తీసుకున్నాను. శని, ఆది వారాలే పని. యూట్యూబ్ చూసి కొన్న మెరిసే పానాల సెట్టుతో మొదలుపెట్టి మొదటి రోజే మూడు బోల్టుల మూలలు అరగదీశాను. ఈ బండి అంగుళాల బండి. 9/16 బోల్టుకి నా 14 పానా ఎక్కదు, 15 వేస్తే జారుతుంది. అంగుళాల పానాలు ఎక్కడ దొరుకుతాయో ఎవరిని అడిగినా ఒకటే మాట: సండే బజార్. బీవీకే అయ్యంగార్ రోడ్డు పక్కన ఆదివారం తెల్లవారకముందే పాత దుప్పట్ల మీద పరిచే సామాను. ఏ ఫ్యాక్టరీలో ఎవరు రిటైరైతే బయటికొచ్చాయో గానీ, మూతి మీద అంకె అరిగినా కొలత చెడని పానాలు అక్కడ దొరికాయి. బేరమాడాను. తర్వాత ఎందుకాడానా అనిపించింది.

ఆ పానాతోనే ఎడమ ముందు చక్రం నట్లు విప్పబోయి రెండు స్టడ్లు విరగ్గొట్టాను. కిరసనాయిలు పోసి రాత్రంతా నానబెట్టి, పానాకి గొట్టం తొడిగి, దాని మీద నిలబడి మరీ విరగ్గొట్టాను. మర్నాడు షెడ్డు పక్కన పంచర్ల కొట్టు కుర్రాడు వచ్చి, స్టడ్డు కొన మీద మట్టి గోకి, సన్నగా చెక్కి ఉన్న 'ఎల్' అక్షరం చూపించాడు. ఎడమ చక్రాలకి ఎడమ మర. నేను విప్పుతున్నాననుకున్నంత సేపూ బిగిస్తున్నానన్నమాట. పాత జీపులు తెలిసిన ఎవరికైనా ఇది ఓనమాల్లో మొదటి అక్షరం.

కానీ ఈ బండిని విప్పుతూ పోతే నన్ను ఆపేసింది తుప్పూ కాదు, మరలూ కాదు. నాకంటే ముందు దీన్ని బాగుచేసినవాళ్లు.

పెద్దాయన దీన్ని 1979లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాడు. ముఖ్యంగా మోసింది పట్టుగూళ్లు, శిడ్లఘట్ట మార్కెట్టుకి. పట్టుగూడు తూకంలో తేలికే గానీ కాలంలో బరువు. పురుగు చిలకై గూడు చీల్చుకుని బయటికొచ్చిందంటే దారం తెగిపోతుంది, ఇక ఆ గూడు రీలింగుకి పనికిరాదు. అంచేత బండి ఎక్కడ ఆగిందో అక్కడే, ఆ రాత్రికే నడవాలి. దొరికిన ఇనుముతో, దగ్గరున్న కమ్మరితో. కుడివైపు కమాను కట్టల్లో ఒకటి కంపెనీది కాదు. ఏదో లారీ కట్టని కొలిమిలో కాల్చి, కోసి, వంచి వేసినది, సుత్తి దెబ్బలు వరసగా లెక్కపెట్టవచ్చు. తొట్టి కింద ఒక చిల్లుకి నూనె డబ్బా రేకు పరిచి రిబ్బెట్లు కొట్టారు, లోపలివైపు డబ్బా మీది అక్షరాలు ఇంకా చదవొస్తున్నాయి. వెనక తలుపు మీద రంగు గీకుతూ పోతే నీలం కింద పసుపు, పసుపు కింద ఆకుపచ్చ, దాని కింద కంపెనీ బూడిద రంగు. పసుపు పొరలో 'గంగమ్మ తల్లి దీవెన' అని తెలుగులోనే రాసి ఉంది. రాసినవాడి తలకట్లు మాత్రం కన్నడ తలకట్లు. ఆ పొర దగ్గర ఎమరీ కాగితం కింద పెట్టేసి టీకి వెళ్లిపోయాను.

అన్నిటికంటే పెద్ద పేచీ ఇంజను. ఫ్యాక్టరీలో దీనికి వేసింది 134 ఘనపుటంగుళాల, అంటే 2.2 లీటర్ల, నాలుగు సిలిండర్ల హరికేన్ పెట్రోలు ఇంజను. వింత కట్టుబడి దానిది. గాలీ పెట్రోలూ పీల్చే వాల్వు పైన హెడ్డులో, పొగ వదిలే వాల్వు కింద బ్లాకులో. కానీ 1973 చమురు సంక్షోభం తర్వాత పెట్రోలు ధర పెరిగిన తీరుకి సరుకు బండి పెట్రోలుతో గిట్టుబాటయ్యే రోజులు పోయాయి. ఊళ్లలో జీపులకి డీజిలు ఇంజన్లు ఎక్కించడం ఒక పెద్ద పనిగా సాగింది. పెద్దాయన కూడా కొన్న రెండో ఏటే ట్రాక్టరు వంశపు డీజిలు ఇంజను పెట్టించాడు. దాన్ని కూర్చోబెట్టడానికి చాసిస్‌కి కొత్త చెవులు వెల్డింగు చేశారు, రేకు మూతని నాలుగంగుళాలు ఎత్తు పెంచారు. ఆ ఇంజనే ముప్పయ్యేళ్ల పైన నడిచింది. పిల్లల్ని చదివించిందీ ఆడపిల్ల పెళ్లి చేసిందీ అదే అంటాడాయన.

మరి దీనికి 'ఒరిజినల్' ఏది?

మన చట్టానికి ఈ ప్రశ్న కష్టం. 2021లో కేంద్రం పాత వాహనాల నిబంధనలు తెచ్చింది. 50 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉండి, చాసిస్, బాడీ, ఇంజనుల్లో పెద్ద మార్పు జరగని బండికి 'వీఏ' అక్షరాలతో ప్రత్యేక నంబరు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషనుకి 20,000 రూపాయలు. ర్యాలీలకీ ప్రదర్శనలకీ తప్ప రోజువారీ తిప్పకూడదు. వ్యాపారానికి వాడకూడదు. చదివితే గదిలో దుప్పటి కప్పి దాచుకున్న బ్యూక్ కారు కోసం రాసినట్టుంటుంది. గూళ్లు మోసిన బండి యాభై ఏళ్లు బతికిందే మార్పుల వల్ల. పైగా నా ఆర్.సి. బుక్కులో ఇంధనం డీజిలు అని ఉంది. దాని అసలు పెట్రోలు ఇంజను దానికి తిరిగి పెడదామంటే కాగితం దృష్టిలో అదే మార్పు, దానికి మళ్లీ అనుమతి. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఫీవా అని పాత వాహనాల వాళ్ల అంతర్జాతీయ సమాఖ్య ఒకటుంది. వాళ్ల టురిన్ చార్టరు కొంచెం దయగా మాట్లాడుతుంది. బండి పనిచేసిన కాలంలో జరిగిన మార్పులు కూడా దాని చరిత్రే అంటుంది. అది చదివి ఒక వారం హాయిగా నిద్రపోయాను.

అయినా పెట్రోలు ఇంజనే కావాలనిపించింది. ఎందుకంటే చెప్పడానికి పెద్ద కారణమేమీ లేదు. ఆ పొగరు వాల్వుల ఇంజను చప్పుడు ఒకసారి వినాలనే ఆశ. శివాజీనగర్ గుజిరీలో, చర్చి గంట వినబడే సందులో, మట్టి నూనె కలిసి నల్లరాయిలా ఉన్న ఒకటి దొరికింది. వాళ్లు దాన్ని ఇనుముకు కొన్నారు, నాకు బండికి అమ్మారు. విప్పి చూస్తే పూర్తిగా బోరుకొచ్చింది.

ఇక్కడే బెంగళూరు అంటే ఏమిటో నాకు తెలిసొచ్చింది. ఈ ఊరు సాఫ్ట్‌వేర్ ఊరు కావడానికి చాలా ముందే లేత్‌ల ఊరు. 1953లో హెచ్.ఎం.టి. ఇక్కడ మొదలైంది మెషీన్ టూల్స్ చేయడానికే, వాచీలు తర్వాతి ముచ్చట. ఆ ఫ్యాక్టరీల్లో చేయి తిరిగినవాళ్లూ, వాళ్ల దగ్గర నేర్చుకున్నవాళ్లూ పీణ్యా సందుల్లో ఇప్పటికీ ఉన్నారు. నాకు దొరికిన ఆయన వయసు డెబ్బై దాటింది. వాటర్ పంపు షాఫ్టు ఇచ్చి ఇలాంటిది కావాలన్నాను. మైక్రోమీటరు పెట్టి మూడు చోట్ల కొలిచాడు. "సార్, మీరు తెచ్చింది అరిగినది. నేను దీన్ని చూసి చేస్తే అరిగినదే చేస్తాను. ఇది కొత్తగా ఉన్నప్పుడు ఎంతుండేదో ముందు అది చెప్పండి" అన్నాడు. నా దగ్గర లెక్క లేదు. బేరింగు లోపలి కొలత నుంచి ఆయనే వెనక్కి లెక్కగట్టి చేసిచ్చాడు. నేను ఇరవై ఏళ్లుగా ఆఫీసులో పాత కోడు బాగుచేసే పనిలో ఉన్నాను. అరిగినదాన్ని చూసి అరిగినదే ఎన్నిసార్లు చేశానో ఆ సాయంత్రం మెట్రోలో నిలబడి లెక్కపెట్టుకున్నాను.

చివరికి నా రాజీ ఇదీ. కమ్మరి కట్ట ఉంచాను. నూనె డబ్బా రేకు ఉంచాను, మీద వార్నీషు మాత్రం పూశాను. గంగమ్మ తల్లి ఉన్న పసుపు పొర దగ్గర గీకడం ఆపేశాను. బండి మూడు వంతులు బూడిద రంగు, వెనక తలుపు పసుపు. డీజిలు ఇంజనుని దించి టార్పాలిన్ కప్పి షెడ్డు మూల పెట్టాను. చెవులు కోయించాను. డాష్‌బోర్డు మీద పాత మాన్యువల్ బొమ్మలో లేని చిల్లులు పదకొండు ఉంటే అన్నీ వెల్డింగుతో మూసి, లప్పం పెట్టి, నునుపు చేశాను. ఆ నునుపు చూసి నాకు నేనే భుజం తట్టుకున్నాను.

ఇంజను మొదటిరోజు లేవలేదు. కార్బొరేటర్లోంచి తుపాకీ పేలినట్టు పేలింది. ఫైరింగు వరస 1-3-4-2 అని తెలుసు, వైర్లు గడియారం ముల్లు తిరిగే దిశలో పెట్టాను. దీని రోటరు అటు కాదు, ఇటు తిరుగుతుంది. మళ్లీ ఎడమ మరే! వైర్లు మార్చాక, గొంతులో పడ్డ మెతుకు సర్దుకున్నట్టు రెండు సార్లు దగ్గి అందుకుంది. డీజిలు దడదడ లేదు. సన్నగా, కాస్త ఊపిరి తీసుకుంటూ, బుసబుసలాడుతూ తిరిగింది.

పోయిన నెల పెద్దాయన మనవడి ఇంటికని కె.ఆర్.పురం వస్తూ దారిలో షెడ్డు దగ్గర దిగాడు. బండి చుట్టూ ఒక ప్రదక్షిణం చేశాడు. పసుపు తలుపు దగ్గర ఆగి, అక్షరాల మీద వేలు ఆనించి, "వీడు మా ఊరోడే, చచ్చిపోయినాడు" అన్నాడు. తాతయ్య పటం ఉన్నచోటే ఉందా లేదా అని వంగి చూసుకున్నాడు. తర్వాత సీటెక్కాడు. ఎక్కేటప్పుడు సాయం పట్టబోతే చెయ్యి విదిలించాడు.

స్టార్ట్ చేయించాను. అయిదు నిమిషాలు వింటూ కూర్చున్నాడు. ముఖంలో ఏమీ కనబడలేదు. తర్వాత ఆపుదామనుకున్నాడేమో, చూపు రోడ్డు మీదే ఉంది, ఎడమ చెయ్యి దానంతటది డాష్‌బోర్డు కిందికి వెళ్లింది. డీజిలు ఇంజను ఆపడానికి లాగే తీగె బొత్తాం అక్కడుండేది. పదకొండు చిల్లుల్లో అదొకటి. నా నునుపు మీద ఆయన వేళ్లు రెండుసార్లు అటూ ఇటూ తడిమాయి.

"దీన్ని ఎట్ల నిలపాలప్పా?" అన్నాడు.