ఆపరేషన్ భుజానికి, చూపు పిక్కల మీద

భుజం ఆపరేషన్ అయినవాళ్ళ ఇంటికి ఫిజియోథెరపీకి వెళ్తే నేను ముందు చూసేది పిక్కల్ని. "కట్టు చేతికి కదమ్మా, కాళ్ళతో పనేంటి?" అంటారు పెద్దవాళ్ళు. అడగాల్సిన ప్రశ్నే.

రక్తం గడ్డకట్టడానికి మూడు కారణాలను జర్మన్ వైద్యుడు విర్షో పేరు మీద చెప్పుకుంటాం: రక్తప్రవాహం మందగించడం, రక్తనాళం గోడ దెబ్బతినడం, రక్తానికి గడ్డకట్టే గుణం పెరగడం. ఏ ఆపరేషన్ అయినా ఈ మూడింటికీ దారి తీస్తుంది. అందుకే కోత భుజం మీద పడినా గడ్డ కాల్లోనూ రావచ్చు. తుంటి, మోకాలి మార్పిడితో పోలిస్తే ఈ ముప్పు చాలా తక్కువ, సాధారణంగా నూటికి ఒకరికి కూడా రాదు. రక్తం పలుచబడే మందులతో రక్తస్రావం భయం ఉంటుంది కనుక వాటిని అందరికీ రాయరు. ఇదివరకు గడ్డకట్టినవాళ్ళు, క్యాన్సర్ ఉన్నవాళ్ళు ముందే చెప్పాలి. గర్భనిరోధక మాత్రలు మందుల లెక్కలోకి రావనుకుని చాలామంది ఆడవాళ్ళు ఆ ఊసే ఎత్తరు. అదీ చెప్పాలి.

నన్ను కలవరపెట్టేది ఇంటికొచ్చాక జరిగేది. పడుకుంటే భుజం లాగుతుందని ఒకావిడ రాత్రంతా కుర్చీలోనే, కాళ్ళు కిందికి వేలాడేసి నిద్రపోయేది. ఒంటిచేత్తో లంగా నాడా ముడేసుకోలేక, బాత్రూముకి వెళ్ళిన ప్రతిసారీ కోడల్ని పిలవడానికి మొహమాటపడి, నీళ్ళు తాగడమే తగ్గించింది. కొడుకేమో ప్రేమకొద్దీ కదలొద్దంటాడు. ఆ ఇంట్లో భుజం జోలికి వెళ్ళేముందు నైటీ వేసుకోమన్నాను, కాళ్ళ కింద ఎత్తు పెట్టించాను, గంటకోసారి వీధిగుమ్మం దాకా నడిపించమన్నాను. కూర్చున్నంతసేపూ పాదాలు పైకీ కిందికీ ఆడించాలి.

కమిలిన నీలం మోచేతి దాకా దిగడం మామూలే. చెయ్యంతా ఉబ్బి బరువెక్కినా, భుజం చుట్టూ సిరలు పైకి తేలినా వెంటనే డాక్టరుకి చూపించాలి. ఒక పిక్క మాత్రమే వాచి, వేడిగా, నొప్పిగా ఉన్నా అంతే. దయచేసి నూనె రాసి మర్దనా చేయకండి. గడ్డ ఊడి ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. డాప్లర్ స్కాన్ తీస్తే తెలుస్తుంది.

మెడ దగ్గర మత్తు ఇంజెక్షన్ ఇచ్చిన రోజు కొంచెం ఆయాసం ఉండొచ్చు. ఇంటికొచ్చిన వారానికి ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా, ఊపిరి పీల్చినప్పుడల్లా ఛాతీలో పోటు పొడిచినా గ్యాసనుకుని సోడా తాగించకండి, తెల్లారనిద్దాం అనుకోకండి. 108కి ఫోన్ చేయండి. భుజానికి ఆపరేషన్ అయిందనీ, ఎన్ని రోజులైందనీ ఆసుపత్రిలో డ్యూటీ డాక్టరుకి మొట్టమొదట చెప్పండి.