బండి ఎవరి కొలతకు?

ఈ వారము దినపత్రికలో అచ్చయిన యొక ఛాయాచిత్రము నన్ను మిక్కిలి సంతోషపెట్టినది. నడివీథిలో వరుసగా పరచిన మోటారుసైకిళ్ళ సైలెన్సర్లమీదుగా రోడ్డురోలరు నడచిపోవుచుండగా, ట్రాఫిక్ పోలీసులును, దారినపోవువారును చుట్టు నిలిచి చూచుచున్నారు. కర్మాగారమువారు అమర్చిన సైలెన్సరును ఊడబెరికి, లోపల నేమియు లేని డొల్లగొట్టమును దాని స్థానమున బిగించి, ఆసుపత్రుల ముందునుండియు, పసిబిడ్డలు నిద్రించు కిటికీల క్రిందనుండియు, దిక్కులు పిక్కటిల్లునట్లు అర్ధరాత్రివేళ సాగిపోవు బండ్లనుండి ఒలిచిన సరకది. మన నగరములలో అప్పుడప్పుడు జరుగుచుండు నీ తంతును నేనెల్లప్పుడును మనసార ఆమోదించుచునే వచ్చితిని.

ఈ శీర్షికను విడువక చదువు మిత్రులకు నా పట్టుదలలు క్రొత్తవి కావు. పాత బుల్లెట్టును కిక్కు కొట్టుటకు ముందు ఆమ్మీటరు ముల్లు నడిమికి వచ్చువరకు కిక్కును మెల్లగా దింపి, డీకంప్రెసరు మీట పట్టి పిస్టనును కంప్రెషను గట్టు దాటించి, అటుపిమ్మటనే కాలు విదల్పవలెనని ఎన్నిమారులు వ్రాసితినో వారికే తెలియును. ఖార్దుంగ్ లా కనుమపై 18,380 అడుగులని వ్రాసిన బోర్డుప్రక్కన నిలిచి తీయించుకొన్న బొమ్మను యువకులు నాకు చూపినప్పుడెల్ల, ఆ కనుమ నిజమైన యెత్తు 17,582 అడుగులేయని చెప్పి, ప్రయాణమును ఎత్తులతో కొలువవలదని బ్రతిమాలుకొందును. వీనియన్నింటికంటెను పాతది మరియొక సిద్ధాంతము: బండి కర్మాగారమునుండి ఎట్లు వెలువడినదో అట్లే యుండవలెను.

దీనికి కారణము లేకపోలేదు. ఇంగ్లండులోని రెడిచ్ పట్టణమున రూపొంది, మన సైన్యమువారి అవసరము పురస్కరించుకొని ఈ దేశమునకు వచ్చి, 1955లో మదరాసున ఏర్పడిన సంస్థ చేతులమీదుగా తిరువొత్తియూరులో తయారగుచు, 1967లో రెడిచ్ కర్మాగారమే మూతవడిన పిదపను ఇచ్చట నిరాఘాటముగ బ్రతికిన 350 సి.సి. బుల్లెట్టును చూడుడు. దాని సిలిండరు వ్యాసము 70 మిల్లీమీటర్లు. పిస్టను క్రిందికి మీదికి నడచు దూరము 90. ఆ పొడవైన నడకవలననే దానికా నిదానమైన గుండెచప్పుడు, ఏనుగునైనను లాగగల యా నెమ్మదియైన బలము సిద్ధించినవి. దాని సైలెన్సరులోని అరలు నడిచి వచ్చు వాయువుల ఉద్ధృతిని అణచుటయే గాక, ఇంజను శ్వాసకు తగిన యొక లెక్కను కూడ కాపాడుచుండును. గొట్టమును డొల్లచేసినంతమాత్రమున శక్తి పెరుగదు. కార్బొరేటరులోని జెట్టును తగినట్లు మార్పనిచో గాలిలో పెట్రోలు పాలు తగ్గి, ఇంజను అతిగా వేడెక్కి, ఎగ్జాస్టు వాల్వు కాలిపోవుటకు త్రోవ యేర్పడును. పెరుగునది శబ్దమొక్కటే. అట్టి మార్పు చేయువాడు తన బండినే యెరుగడని నా నిశ్చయము.

ఇట్లు నా సిద్ధాంతము నిండుగా నున్న సమయమున కాకినాడనుండి ఒక పాఠకురాలి జాబు వచ్చినది. ఆమె పొడగరి కాదు. క్రొత్తగా కొన్న బండిపై కూర్చున్నచో మునివేళ్ళు మాత్రమే నేలకు ఆనుచున్నవట. ఊరిలోని మెకానిక్కు సీటును చెక్కి, వెనుక షాకబ్జార్బరులను పొట్టిచేసి యిచ్చెదనని చెప్పగా, ఇన్నేండ్లుగా నా వ్రాతలు చదివినదగుటచే, అట్లు చేయించుట తప్పగునాయని నన్నడిగినది. వలదని వ్రాయుటకు కలము పట్టిన నాకు విజయవాడ ఆటోనగరులోని యొక షెడ్డును, అందులో బుల్లెట్టుల నడుమ జీవితమంతయు గడపిన వృద్ధుడొక మేస్త్రీయు జ్ఞప్తికి వచ్చి, కలము సాగలేదు.

తొంబదుల దశకమునాటి మాట. లారీల బాడీలు కట్టుటకు పేరుమోసిన ఆ పేటలో, వెల్డింగు మెరుపుల నడుమ, సమ్మెటపోట్ల నడుమ, ఆయన షెడ్డులో మాత్రమొక విధమైన నిశ్శబ్దముండెడిది. ఇంజను నడచుచుండగా స్క్రూడ్రైవరు మొనను దానిపై నానించి, పిడిని చెవికి చేర్చి, కన్నులు మూసికొని వినెడివాడు. టాపెట్లు బిగువైనవో, వదులైనవో, బేరింగు ఎన్నినాళ్ళకు పోవునో ఆ వినికిడిలోనే తేల్చెడివాడు. నేను నా బండి పాయింట్లు సరిచేయించుకొన బోయిన యొకనాడు, బాల్యమున పోలియోవలన ఎడమకాలు చచ్చుపడిన ఉపాధ్యాయుడొకడు తన తమ్ముని తోడు తెచ్చుకొని అచ్చటికి వచ్చెను. తండ్రి విడిచిపోయిన బుల్లెట్టు ఇంట నున్నది; దానినే నడపవలెనని ఆయన కోరిక.

"స్కూటరుకి పక్కచక్రాలు పెట్టించుకోమని అందరూ చెబుతున్నారు మేస్త్రీ గారూ. నాకు మా నాన్నగారి బండే కావాలండీ."

"కాలు సంగతి నాకొదిలెయ్యండి మాస్టారూ. మీరు ఎట్టా కూర్చుంటారో ముందు అది చూడాలి."

చూచుటయనగా ఆయన చూచిన చూపు నేడును నా కన్నులలో నున్నది. ఉపాధ్యాయుని బండిపై కూర్చుండబెట్టి, సున్నపుముక్కతో నేలపై గీతలు గీసి, భుజమునుండి హాండిలు పిడివరకు, తుంటినుండి మోకాటివరకు నూలుపోగుతో కొలిచి, ఏ ప్రక్కకు ఒరిగి కూర్చుండునో, ఎంతసేపటికి అలసిపోవునో గమనించి, ఆ పూటంతయు స్పానరు ముట్టలేదు. ఆనాటి బుల్లెట్టునకు గేరును, కిక్కును కుడికాలివైపున, వెనుక బ్రేకు ఎడమకాలివైపున నుండెడివి. కనుక కుడికాలితో కావలసిన పనులన్నియు ఆయనకు సాధ్యములే. చిక్కంతయు బ్రేకుతోను, బండి నిలిచినప్పుడు దానిని నిలబెట్టుటతోను. మేస్త్రీ లేతుపై చిన్న యినుపకడ్డీ నొకదానిని త్రిప్పించి, కుడిచేతి మీటకు దానిని తగిలించి, దాని రెండుకొనలనుండి ముందు బ్రేకునకొక తీగను, వెనుక బ్రేకునకొక తీగను లాగెను. ఒక్క పట్టుతో రెండు చక్రములకు బలము పంచునట్లు ఆ కడ్డీ చిల్లును ఎచ్చట వేయవలెనో తేల్చుటకు ఎన్ని కడ్డీలు పాడుచేసెనో చెప్పజాలను. అటుపిమ్మట ఎడమప్రక్కన ఇనుపగొట్టములతో చాసిస్ కట్టి, చక్రమును, తొట్టిని అమర్చెను. రెండు తిన్నని పలకలను బండి చక్రముల వెంట ఒకటి, తొట్టి చక్రము వెంట ఒకటి నిలిపి, తొట్టి చక్రము మూతి రవంత లోనికి తిరిగియుండునట్లును, బండి రవంత వెలుపలికి వాలియుండునట్లును సరిచేసెను. ఆ రవంత తప్పినచో బండి దారిపొడవున ఒకవైపునకే గుంజును. బరువు పెరిగినందున గేరుబాక్సు స్ప్రాకెట్టులో పండ్లు తగ్గించి, వేగమును కొంత వదలుకొని లాగుడును సంపాదించెను.

కంకిపాడు వైపు సాగిన మొదటి పరీక్షలో తొట్టిలో కూర్చున్నవాడు మేస్త్రీయే. రేజు చేసినచో బండి ఎడమకు, బ్రేకు పట్టినచో కుడికి లాగుననియు, ఆ రెండింటికిని చేతులు తమంత తామే ఎదురొడ్డునట్లు అలవాటు కావలెననియు బోధించుచు పోయెను. "ఎడమ మలుపులో తొట్టి లేస్తది మాస్టారూ. అమ్మగారు కూర్చుంటే పర్లేదు. ఖాళీగా పోయేటప్పుడు ఇసకమూట వేసుకోండి" అని ఆయన హెచ్చరించిన మాట ఆ ఉపాధ్యాయుడు తుదివరకు పాటించినాడు.

మరుసటి శీతకాలమున ఆయన భార్యను, కుమార్తెను తొట్టిలో కూర్చుండబెట్టుకొని శ్రీశైలము పోవుచు నన్నును పిలిచెను. నరసరావుపేట, వినుకొండ దాటి, దోర్నాలకడ టీ త్రాగి, నల్లమల ఘాటు నెక్కితిమి. ప్రతి యెడమ మలుపునను ఆయన శరీరము తొట్టివైపునకు జరుగుటయు, కుడి మలుపున మరల నిటారగుటయు, ఏ తొట్రుపాటును లేక బ్రేకు మీట వ్రేళ్ళ మధ్య మెత్తగా కదలుటయు, నేను వెనుకనుండి చూచుచు వచ్చితిని. నా క్రిందనున్నది బోల్టైనను మారని బుల్లెట్టు. నా ముందు పోవుచున్నది దానికి సోదరియే, కాని వెలుపలినుండి గుర్తుపట్టలేనంతగా మారినది. మనిషికిని బండికిని అంతటి పొందిక నేనెచ్చటను చూచియుండలేదు; గోవాలో ఏటేట కూడుచుండిన రైడర్ మేనియా సందడిలో వేలకొలది బుల్లెట్టులు వరుసలు తీరి నిలిచియున్నప్పుడు సైతము చూడలేదు. బొబ్బిలి వీణకు మైనముపై మెట్లు పేర్చు వడ్రంగి చెవిని నమ్మునట్లు, ఆ మేస్త్రీ ఆ మనిషి దేహమును నమ్మి ఆ బండిని పేర్చినాడు.

కర్మాగారము ఎవనినో యొక సగటు మనిషిని ఊహించి బండి చేయును. ఆ సగటు మనిషి ఎచ్చటను లేడు. ఆ సగటులో కాకినాడ పాఠకురాలు లేకపోవుట ఎంత నిజమో, ఆరడుగులు దాటిన మా మేనల్లుడు లేకపోవుటయు అంత నిజమే. కనుక ఆమెకు నేను వ్రాసిన ప్రత్యుత్తరమిది. అమ్మా, మార్పించుకొనుము. ముందు సీటుతో ప్రారంభింపుము: ఎత్తుకంటె మొదట దాని ముందుభాగపు వెడల్పు తగ్గింపుము, తొడలు విడిపోవుట తగ్గినచో పాదములు వాటంతట అవియే నేలకు దిగును. దానితో చాలనిచో షాకబ్జార్బరుల మాట. వెనుకభాగము దిగినచో ముందు ఫోర్కు వాలు మారి హాండిలు తిరుగుట బరువెక్కునాయని, సైడుస్టాండు పొడవై బండి నిటారుగ నిలిచి అవతలికి ఒరుగునాయని, దానిని కూడ కోయించి అతికింపవలెనాయని ఆ మెకానిక్కును అడుగుము. ఈ ప్రశ్నలకు ఆతడు తడుముకొనక సమాధానము చెప్పినయెడల బండి అప్పగింపుము; చెప్పనియెడల వేరొకని వెదకుము.

చట్టము మాట మిగిలినది. మోటారువాహనముల చట్టములోని 52వ సెక్షను, తయారీదారు ఇచ్చిన వివరములకు భిన్నముగా వాహనమును మార్పరాదని చెప్పుచున్నది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దానినే మరింత గట్టిగా చెప్పినది. అయితే అదే చట్టము వికలాంగుల ఉపయోగార్థము మార్చిన వాహనములను గుర్తించి, వానికొక నిర్వచనమును కూడ ఇచ్చియున్నది. ఆ ఉపాధ్యాయుని బుల్లెట్టును అట్టి మార్పుతోనే రిజిస్ట్రేషను పుస్తకమునకు ఎక్కినది. కారునకు గ్యాసు కిట్టు పెట్టించుకొన్నవానికి పుస్తకములో వ్రాసియిచ్చు పద్ధతియు మనకు కలదు. జర్మనీలో బండి భాగము మార్చినవాడు దానిని గుర్తింపుపొందిన పరీక్షాసంస్థ నిపుణునికి చూపి, బలమును భద్రతను తేల్పించుకొని, ఆ మార్పును వాహనపు కాగితములలో నమోదు చేయించుకొనుట చిరకాలముగ నున్న ఆచారము. మన రవాణా కార్యాలయములలో అట్టి బల్ల యొకటి వేయరాదా? 175 సి.సి. పైబడిన మోటారుసైకిలుకు 80 డెసిబెల్లులని కట్టడి చేసియే యున్నారు. శబ్దమును యంత్రముతో కొలుతురు గాక. బ్రేకును, సీటును, తొట్టిని కొలుచుటకు మాత్రము యంత్రము చాలదు. అందులకు పరీక్షాధికారి సరసన, ఆటోనగరులో చేతులు నల్లబడిన పెద్ద మేస్త్రీ నొకనిని జీతమిచ్చి కూర్చుండబెట్టవలెనని నా కోరిక.