కానుక కవరు మీది రెండు వరుసలు

జనవరి మొదటి వారంలో సికింద్రాబాద్‌ క్రైస్తవులు ఒకరికొకరు ఎదురైతే, వందనాలు అయ్యాక వచ్చే మొదటి మాట, “మీకు ఏ వాగ్దానం వచ్చింది?” డిసెంబరు 31 రాత్రి వాచ్‌నైట్ సర్వీసులో, పన్నెండు దాటాక పళ్లెంలోంచి తీసుకున్న కార్డు మీది వచనం సంగతి అది. ఆ కార్డు బైబిల్లోకి చేరుతుంది, ఫ్రిజ్ తలుపుకి అతుక్కుంటుంది, స్టిక్కరై ఆటో అద్దం మీద ఏడాదంతా ఊరు తిరుగుతుంది. వాట్సాప్‌లో అయితే తెల్లవారేసరికి బంధువులందరి వాగ్దానాలూ మన ఫోన్లోనే ఉంటాయి.

ఆ రాత్రీ, మర్నాటి ఉదయం ఆరాధనలోనూ ఇంకో కాగితం కూడా చేతులు మారుతుంది. దాని గురించి అడిగేవాళ్లు తక్కువ. కృతజ్ఞత కానుక కవరు. పేరు రాయడానికి ఒక వరుస, మొత్తం రాయడానికి ఒక గడి, కింద ‘కృతజ్ఞతకు కారణం’ అని అచ్చు వేసి రెండు ఖాళీ వరుసలు. మా సంఘంలో ఆ కవర్లు పైకి చదివి, ప్రార్థన కోసం పాస్టరు అయ్యగారి చేతికిచ్చే పని చాలా ఏళ్లుగా నాది. కార్డు మనకు వచ్చేది, కవరు మనం రాసేది. కొత్త ఏడాదిని మొదలుపెట్టడంలో రెండోదే కష్టమైన పని అని నా నమ్మకం. వాగ్దానం తీసుకోవడానికి చెయ్యి చాపితే చాలు. కారణం రాయాలంటే మాత్రం కూర్చోవాలి, పోయిన ఏడాదిని వెనక్కి తిప్పి చూడాలి, కలం కదలాలి.

చాలా కవర్ల మీద ఒకటే మాట ఉంటుంది, ‘గడచిన సంవత్సరమంతా కాపాడినందుకు’. అది అబద్ధమేమీ కాదు. కానీ పది కవర్లు వరసగా అదే మాటతో చదివితే బల్లల మీద కూర్చున్నవాళ్ల కళ్లు గోడ గడియారం వైపు మళ్లుతాయి. అంతలో ఒక కవరు వస్తుంది, అందరి తలలూ లేస్తాయి. ‘పాపకు మూడో నెలలో పట్టిన దగ్గు ఆరో నెలలో తగ్గినందుకు.’ ‘చిలకలగూడలో అద్దె ఇంటి ఓనరు ఈ ఏడాది అద్దె పెంచనందుకు.’ ‘ఇంటర్ తప్పిన అబ్బాయి ఇల్లు వదిలి వెళ్లిపోయి, నాలుగో రోజు తిరిగి వచ్చినందుకు.’

ఇది రైల్వే ఊరు. 1874లో ఇక్కడ స్టేషన్ కట్టినప్పటి నుంచీ మెట్టుగూడ, లాలాగూడ, సీతాఫల్‌మండి వైపు సంఘాల్లో రైల్వే కుటుంబాలు లేని బల్ల ఉండదు. ఓ ఏడాది ఒక లోకో పైలట్ రాసిన కవరు చదివాను: ‘ఈ సంవత్సరం నా బండి కింద ఎవరూ పడనందుకు.’ చదివి ఆగిపోయాను. బండి నడిపేవాళ్లు బ్రేకు వేసినా ఆగదని తెలిసిన క్షణాలను ఎన్నిటిని మోస్తూ ఇంటికొస్తారో, ఆ ఒక్క వరుసలో సంఘమంతటికీ తెలిసింది. ఆరాధన అయ్యాక రైల్వేలోనే పనిచేసిన పెద్దాయన ఒకరు వెళ్లి అతని భుజం మీద చెయ్యి వేసి, “బాబూ, మా రోజుల్లో ఇది రాసే ధైర్యం మాకు లేకపోయింది” అన్నాడు. ఆ రోజు ప్రసంగంలో అయ్యగారు ఏం చెప్పారో ఇప్పుడు ఎవరికీ గుర్తుండకపోవచ్చు. ఆ కవరు గుర్తుంది.

కృతజ్ఞతకు ఇలా కచ్చితమైన చిరునామా ఉండాలన్నది నేను సొంతంగా కనిపెట్టింది కాదు. 136వ కీర్తన తెరిచి చూడండి. ఇరవై ఆరు వచనాలు, ప్రతి వచనం చివరా ఒకే పల్లవి. పల్లవి మారదు గానీ కారణం ప్రతిసారీ మారుతుంది. ఆకాశం, నేల, సూర్యుడు, చంద్రుడు, ఐగుప్తు, ఎర్రసముద్రం, అరణ్యం. చివరికి అమోరీయుల రాజు సీహోను, బాషాను రాజు ఓగు అని శత్రువుల పేర్లు కూడా రాసిపెట్టాడు కీర్తనకారుడు. ‘శత్రువుల నుంచి కాపాడినందుకు’ అని ఒక్క ముక్కలో తేల్చేయలేదు. ఆ రాజులు హతమైన కథ చదవడానికి నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది. అయితే ఆ కీర్తన అక్కడ ఆగదు. ముగింపుకు ముందు వచనంలో సమస్త జీవులకు ఆహారమిచ్చే సంగతి ఎత్తుకుంటుంది. మా జనం, మా దేశం అని సాగిన లెక్క అందరి అన్నం దగ్గరికి వచ్చి చేరుతుంది.

ఈ వాచ్‌నైట్ అనే అలవాటు మన దగ్గరికి ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. ఇంగ్లండులో బ్రిస్టల్ పక్కన కింగ్స్‌వుడ్ బొగ్గు గనుల ఊరు. శనివారం రాత్రుళ్లు సారాయి కొట్టులో గడిపే గని కార్మికులు, మెథడిస్టు బోధకుడు జాన్ వెస్లీ మాటలు విని మారాక, అవే రాత్రుళ్లు ప్రార్థనలో గడపడం మొదలుపెట్టారు. కొందరు అది మాన్పించమని వెస్లీకి చెబితే, ఆయన మాన్పించకపోగా మిగతా చోట్లకీ తీసుకెళ్లాడు. 1742 నాటికి లండన్‌లోనూ మొదలైంది. అప్పట్లో అది ఏడాదికొకసారి కాదు, నెలకొకసారి, పున్నమికి దగ్గరి శుక్రవారం. అర్ధరాత్రి దాటాక జనం వెన్నెల్లో నడిచి ఇళ్లకు చేరాలి కదా. మన దగ్గర డిసెంబరు 31 రాత్రి పోలీసులు ఫ్లైఓవర్లు మూసేస్తారు, కూడళ్లలో తాగి బండి నడిపేవాళ్ల కోసం తనిఖీలు పెడతారు. ఒడిలో బైబిలు, వెనక సీట్లో నిద్రపోతున్న పిల్లలతో మన కుటుంబాలు ఆ వరసలోనే నిలబడి ఇంటికొస్తాయి. తాగుడు విడిచిన గని కార్మికులు మొదలుపెట్టిన రాత్రి అని తెలిశాక ఆ తనిఖీ దగ్గర నిలబడటం నాకు విసుగనిపించదు.

వెస్లీ కంటే ముందే జర్మనీలో హెర్న్‌హూట్ అనే ఊళ్లో మొరేవియన్ సహోదరులు ఇలాంటి జాగరణలు చేసేవారు. చీటీ వేసి తీసిన బైబిలు వచనాలను రోజుకొకటిగా కూర్చి, 1731 నుంచి ఏటేటా పుస్తకంగా అచ్చు వేస్తున్నదీ వాళ్లే. మన వాగ్దాన కార్డుకు ఆ పుస్తకం దగ్గరి చుట్టం. సికింద్రాబాద్‌కు ఇవన్నీ కంటోన్మెంటు దారిలో వచ్చాయి. 1806లో నిజాం సికిందర్ జా పేరుతో వెలసిన ఈ దండులో, 1813 నాటికే సెయింట్ జాన్స్ చర్చి లేచింది. సైనికుల కోసం కట్టిన గుళ్ల పక్కనే తెలుగు, తమిళ ఆరాధనలూ పెరిగాయి. వెస్లీ పేరు మీద ఇవాళ ఇక్కడ చర్చి, బడులు, కాలేజీ ఉన్నాయి. 1895లో తిరుమలగిరిలో సైనికులకు బోధకుడిగా వచ్చిన చార్లెస్ వాకర్ పోస్నెట్ తర్వాత మెదక్ వెళ్లాడు. కరువు రోజుల్లో పనికి కూడు పెడుతూ ఆయన కట్టించిన మెదక్ చర్చిని 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠించారు. 1947లో దక్షిణ ఇండియా సంఘం (సి.ఎస్.ఐ.) ఏర్పడ్డాక ఈ వెస్లీ సంప్రదాయం కూడా అందులో కలిసింది. కతోలికులకు ఇదే రాత్రి ‘తె దేఉమ్’ అనే పాత లాటిన్ కృతజ్ఞతా గీతం పాడే సంప్రదాయం ఉంది. వాళ్లదీ ఏడాదికి వీడ్కోలు పలికే ముందు వందనం చెప్పే పద్ధతే.

ఇక్కడ నన్ను కొన్నేళ్లుగా బాధపెడుతున్న సంగతి చెప్పాలి. మన ప్రార్థనల్లో ఒక వాడుక మాట ఉంది. ‘పోయిన ఏడాది ఎంతోమంది గతించిపోయినా, మమ్మల్ని సజీవుల లెక్కలో ఉంచినందుకు స్తోత్రం’ అని. చిన్నప్పటి నుంచి విని విని మన నోటికి అది అలవాటైపోయింది. అనేవాళ్ల మనసులో చెడు ఏమీ లేదు. బతికి ఉన్నందుకు ఆశ్చర్యపడి చెప్పే మాట అది. కానీ కరోనా రెండో అల దాటిన తర్వాతి జనవరిలో ఆ మాట విన్నప్పుడు నేను ముందు బల్లల వైపు చూశాను. ఏప్రిల్‌లో భర్తను పోగొట్టుకున్న ఒక అక్క అక్కడ కూర్చుని ఉంది. ఆక్సిజన్ సిలిండర్ కోసం ఆమె తమ్ముడు ఊరంతా తిరిగాడని మాకందరికీ తెలుసు. ఆమె భర్త ఏ లెక్కలోంచి తీసివేయబడ్డాడు? ఆమె ప్రార్థనలో లోటు ఉందా? ఆ మాట అన్నవాళ్లు ఈ ప్రశ్నలు అడగలేదు, కానీ ఆమె చెవికి చేరేవి అవే.

పక్కవాడి నష్టాన్ని కొలబద్దగా పెట్టి చెప్పే వందనం దేవునికి అక్కర్లేదు అని నేను గట్టిగా నమ్ముతాను. లూకా సువార్తలో పదిమంది కుష్ఠురోగులు బాగుపడితే, తిరిగి వచ్చి కృతజ్ఞత చెప్పినవాడు ఒక్కడే, అతను సమరయుడు. అతను మిగతా తొమ్మిదిమంది కంటే నేను మేలని అనలేదు. తనకు జరిగినదానికి దేవుణ్ణి స్తుతించి సాగిలపడ్డాడు. అదే సువార్తలో గుడికి వెళ్లిన పరిసయ్యుడు కూడా కృతజ్ఞతే చెప్పాడు, అయితే ఇతరులలాగా తాను లేనందుకు చెప్పాడు. ఆ ప్రార్థన ఎటు పోయిందో యేసు స్పష్టంగా చెప్పాడు.

ఆ జనవరిలో ఆ అక్క ఇచ్చిన కవరు నా చేతికి వచ్చింది. పేరు రాసి ఉంది, మొత్తం రాసి ఉంది, కారణం దగ్గర రెండు వరుసలూ ఖాళీ. ఆమె పేరు మాత్రం చదివి అయ్యగారికి ఇచ్చాను. ఆయన కూడా కారణం కల్పించలేదు. “మా సహోదరి ఈ కానుక తెచ్చింది ప్రభువా” అని ప్రార్థించి ఊరుకున్నాడు. కృతజ్ఞత పేరుతో దుఃఖాన్ని తొందరపెట్టకపోవడం కూడా సంఘం నేర్చుకోవాల్సిన పనే. వాగ్దాన కార్డు అయితే ఖాళీగా ఉండదు. కవరు ఖాళీగానైనా బలిపీఠం దగ్గరికి రావచ్చు.

ఇవ్వడం గురించి మన నేల మీద అందరికంటే బాగా ఆలోచించినవాడు దోర్నకల్ బిషప్ వేదనాయగం శామ్యూల్ అజరయ్య. 1912లో బిషప్ అయ్యాడు, ఆంగ్లికన్ సంఘంలో ఆ పదవికి వచ్చిన మొదటి భారతీయుడు. 1945 జనవరి 1న, సరిగ్గా కొత్త సంవత్సరం రోజున కన్నుమూశాడు. ఆయన సంఘాల్లో ఎక్కువమంది మాల మాదిగ కుటుంబాల నిరుపేదలు. పేదవాళ్లు తీసుకునేవాళ్లే తప్ప ఇచ్చేవాళ్లు కాదన్న మాట ఆయన ఒప్పుకోలేదు. పొయ్యి మీద ఎసరు పెట్టినప్పుడల్లా ఇల్లాలు ఒక పిడికెడు బియ్యం తీసి దేవుని కోసం వేరే కుండలో వేసేది. కోత పండుగకు ధాన్యం, కోళ్లు, గుమ్మడికాయలు మోసుకొచ్చేవారు. పిడికెడు బియ్యం తీసేటప్పుడు ఆ పూట అన్నం ఉందన్న ఎరుక ఆ చేతికి కలుగుతుంది. ఏడాది చివర ఒక్కసారి వెతుక్కోనక్కర్లేదు. పట్నంలో బియ్యం కుండ పోయి కవరు వచ్చింది, ఇప్పుడు కవరు పోయి క్యూఆర్ కోడ్ వస్తోంది. డబ్బు చేరడానికి అది సులువే. కారణం రాయమని మాత్రం అది అడగదు. ఈ విషయంలో నేను పాతకాలం మనిషినే. స్కాన్ చేసినా సరే, కవరు మీద రెండు వరుసలు రాసి ఇవ్వమని మా యువకులతో అంటుంటాను.

మరోసారి ఒక రిటైర్డ్ టీచరమ్మగారి కవరు వచ్చింది. కారణం దగ్గర ఇలా ఉంది: ‘నెలనెలా ఇంటికొచ్చి సూది వేసిన పక్కింటి నర్సు అమ్మాయి ద్వారా దేవుడు చేసిన మేలుకు.’ ఆ నర్సు ముస్లిం అమ్మాయి. మారేడుపల్లి, మోండా మార్కెట్, బోయిగూడ సందుల్లో బతికినవాళ్లకు ఇందులో వింతేమీ లేదు. మన మేళ్లన్నీ ఇలా ఎవరో ఒకరి చేతుల మీదుగానే వస్తాయి. ఆరాధన అయ్యాక అమ్మగారిని అడిగాను, ఆ అమ్మాయికి ఈ సంగతి తెలుసా అని. “క్రిస్మస్‌కి కేకు ఇచ్చాను గానీ, ఈ మాట చెప్పలేదు నాయనా” అంది. ఆ సాయంత్రమే వెళ్లి చెప్పిందని తర్వాత తెలిసింది.

ఆ కవరు చూశాకే మా కమిటీలో ఒక సూచన పెట్టాను. ‘కృతజ్ఞతకు కారణం’ కింద ‘ఎవరి ద్వారా’ అని ఇంకో వరుస వేయించాలని. కొందరు అభ్యంతరం చెప్పారు, మహిమ మనుషులకు పోతుందేమోనని. ఆ భయం నాకు అర్థమవుతుంది. కానీ పౌలు పత్రికల చివర్లు చూడండి. రోమీయులకు రాసిన పత్రిక పదహారో అధ్యాయం దాదాపు అంతా మనుషుల పేర్లే. ఫీబే, ప్రిస్కిల్ల, అకుల, తమ ప్రాణాలు పణంగా పెట్టినవాళ్లు, ప్రయాసపడిన ఆడవాళ్లు. వాళ్ల పేర్లు రాసినంతమాత్రాన దేవుని మహిమ తగ్గలేదు. చర్చ జరిగింది, మా సంఘం ఆడవాళ్ల బృందం స్త్రీల మైత్రి వాళ్లు గట్టిగా పట్టుబట్టారు, ఈ ఏడాది కవర్లు మూడు వరుసలతో అచ్చయి వచ్చాయి.

ఏడాదిలో మొదటి ఆదివారం నిబంధన ఆరాధన. 1755 ఆగస్టులో లండన్‌లోని స్పిటల్‌ఫీల్డ్స్ ఫ్రెంచి చర్చిలో వెస్లీ ఎదుట సుమారు 1800 మంది నిలబడి, ఏ స్థితిలో ఉంచినా మేం దేవునివాళ్లమే అని ఒప్పుకున్న ఆరాధన అది. తర్వాత మెథడిస్టులు దాన్ని కొత్త సంవత్సరానికి ముడివేశారు. మన సి.ఎస్.ఐ. ఆరాధన క్రమంలోనూ దానికి చోటు దొరికింది. వాచ్‌నైట్‌కు కిక్కిరిసిన గుడి ఆ ఆదివారానికి సగమైనా నిండదు. అందుకే కవర్లు చదవడం జనవరి ఒకటి నుంచి ఆ ఆదివారానికి మార్చమని అడిగాను, అయ్యగారు సరేనన్నారు. ముందు పోయిన ఏడాదికి పేరుపేరునా వందనాలు, ఆ తర్వాత నిబంధన. జరిగిన మేలు నోటితో చెప్పినవాళ్లు రాబోయేదానికి ఒప్పుకోవడం వేరుగా ఉంటుందని నా ఆశ.

ఈ ఆదివారం ఉదయం ఎనిమిది లోపు కవర్లు గుమ్మం దగ్గర బల్ల మీద పెట్టండి. పైకి చదవొద్దనుకుంటే మూలన ఒక గీత గీయండి చాలు, నేరుగా అయ్యగారికే ఇస్తాను. కారణం దగ్గర ఏమీ రాయలేని ఏడాది అయితే ఖాళీగానే తెండి.