స, ప, రి, ద, గ

‘మాయాబజార్’ (1957)లో ఘంటసాల, పి. లీల పాడిన ‘లాహిరి లాహిరి’ మోహన రాగం. బాణీ సాలూరి రాజేశ్వరరావు కట్టారని చెబుతారు.

ఇలాంటి యుగళగీతంలో మొదటి చిక్కు శ్రుతి. మగ గొంతు మామూలుగా ఒకటి శ్రుతికి అటూ ఇటూ, ఆడ గొంతు ఐదుకి అటూ ఇటూ ఉంటుంది. హార్మోనియం మీద ఒకటి అంటే ‘సి’, ఐదు అంటే ‘జి’. ఇద్దరికీ కుదిరే చోటు కోసం పాటను పైకీ కిందికీ జరిపి చూడాలి.

ఉచితంగా దొరికే నొటేషన్ సాఫ్ట్‌వేర్ మ్యూజ్‌స్కోర్‌లో అది మెనూలో ఒక్క నొక్కుడు. లోపల జరిగేదే గమ్మత్తు. ప్రతి స్వరానికీ అది రెండు అంకెలు రాసుకుంటుంది. మొదటిది మెట్టు లెక్క: నడిమి సి 60, దాని పైన జి 67. ఒకటి నుంచి ఐదుకి వెళ్లాలంటే అన్నిటికీ 7 కలిపితే సరి. కానీ ఒకే నల్ల మెట్టుకు సి షార్ప్, డి ఫ్లాట్ అని రెండు పేర్లున్నాయి. తప్పు పేరు పడితే వినేవాళ్లకు తేడా తెలియదు, నొటేషన్ చదివేవాళ్లకు కళ్లు తిరుగుతాయి. రెండో అంకె ఆ పేరు కోసం. అది పంచమాల వరుస మీద నడుస్తుంది: ఎఫ్ 13, సి 14, జి 15, డి 16, ఎ 17, ఇ 18, బి 19. ఇక్కడ కలపాల్సింది 1 మాత్రమే. షార్పులన్నీ సరైన పేర్లతో వాటంతటవే దిగుతాయి. ఈ ఆలోచన తోచినవాళ్లకు ఒక దండం.

ఇప్పుడు సి షడ్జమంగా మోహనను ఈ వరుస మీద పెట్టండి. స, ప, రి, ద, గ: 14 నుంచి 18 దాకా, మధ్యలో ఖాళీ లేకుండా.

ఇక పాటకు తోడుగా కార్డ్‌లు, అంటే ఒకేసారి మోగే స్వరాల గుంపులు, పెడదాం. ఒక కార్డ్‌కు బదులు మరొకటి ఎంచుకోవడానికి ఒక దారి ఉమ్మడి స్వరాలు చూడటం. సి మేజర్ (సి, ఇ, జి) బదులు ఎ మైనర్ (ఎ, సి, ఇ) వస్తే రెండు స్వరాలు నిలుస్తాయి, కొత్తగా చేరిన ఎ కూడా మోహన ధైవతమే. పల్లవి ముగింపుకు ముందు జి సెవెన్ (జి, బి, డి, ఎఫ్) వస్తేనే తంటా. ఎఫ్ 13, బి 19: మోహన రెండు కొసలకూ సరిగ్గా గుమ్మం అవతల నిలబడ్డ మధ్యమ నిషాదాలు. జాజ్ వాళ్లకు ప్రియమైన మార్పిడి ఆ రెంటినే ఆసరా చేసుకుని, జి సెవెన్ చోట డి ఫ్లాట్ సెవెన్ పెడుతుంది. దాని నాలుగు స్వరాల్లో ఒక్కటీ మోహనది కాదు. లెక్క తప్పలేదు, రాగమే పోయింది.

జి సెవెన్‌లో బి, ఎఫ్ తీసేసి సి చేరిస్తే జి, సి, డి మిగులుతాయి. దాన్ని జి సస్ ఫోర్ అంటారు. ముగింపు కోసం లాగే బిగువు కొంత తగ్గుతుంది, అన్యస్వరం మాత్రం ఉండదు. ఇంతకంటే నాకు నచ్చేది సి సిక్స్ (సి, ఇ, జి, ఎ). ఎ మైనర్ సెవెన్‌లోనూ ఇవే నాలుగు. బేస్ గిటార్ సి నుంచి ఎకి దిగితే చాలు, పైన ఏదీ కదలకుండా కార్డ్ పేరు మారుతుంది. మన గ్రహభేదమూ ఈ దారిదే: మోహన ధైవతాన్ని షడ్జమం చేస్తే శుద్ధ ధన్యాసి.