ఆకుల పొరను విప్పే గరాటు

కానుగ చెట్టు కింది నుంచి రెండు గుప్పిళ్ల రాలుటాకులు తెచ్చి బల్ల మీద పోస్తే పిల్లల కంటికి నాలుగు చీమలు, ఒక రోకలిబండ కనిపిస్తాయి. అంతకు ఎన్నో రెట్ల ప్రాణులు ఆకు ముడతల్లో, మట్టి రేణువుల సందుల్లో మిగిలిపోతాయి. వాటిలో చాలావాటి పొడవు మిల్లీమీటరుకు అటూ ఇటూ. చేత్తో ఏరబోతే నలిగిపోతాయి. వాటిని వెతికే పని లేకుండా, వాటంతట అవే నడిచి బయటికి వచ్చేలా చేసే పరికరాన్ని ఇటలీ కీటక శాస్త్రవేత్త ఆంటోనియో బెర్లేసే 1905లో వివరించాడు. ఆయన గరాటును వేడినీటి తొడుగుతో వెచ్చబరిచాడు. 1918లో స్వీడన్ శాస్త్రవేత్త ఆల్బర్ట్ టుల్‌గ్రెన్ వేడినీటికి బదులు పైన విద్యుత్ దీపం పెట్టాడు. నేలలోని చిన్న జీవులను పరిశీలించేవారు ఈనాటికీ వాడే ఈ గరాటును తరగతి గదిలో ఒక్క కూల్‌డ్రింకు సీసాతో తయారు చేయవచ్చు.

రెండు లీటర్ల ఖాళీ సీసాను పైనుంచి మూడో వంతు దగ్గర అడ్డంగా కోయాలి. మూత తీసేసి, పై ముక్కను తలకిందులుగా కింది ముక్కలో దించితే గరాటు సిద్ధం. గరాటులో మెడకు కాస్త పైన జల్లెడలాంటి వల బిగించాలి. కిటికీలకు కొట్టే దోమల జాలీ ముక్క సరిపోతుంది. జాలీ మీద ఆకులు, కింది సీసా అడుగున తడి కాగితం, ఆ సీసా చుట్టూ నల్ల కాగితం, అన్నిటికీ పైన జానెడు ఎత్తులో నలభై వాట్ల ఫిలమెంటు బల్బు. ఎల్‌ఈడీ బల్బు ఈ పనికి రాదు. మనకు వెలుతురుతో పాటు వేడి కూడా కావాలి. ఎండుటాకుల పైన వేడి బల్బు కాబట్టి అది వెలుగుతున్నంతసేపూ ఉపాధ్యాయులు దగ్గర ఉండాలి.

ఇక పరికరం పనిచేసే తీరు. బల్బు వేడికి ముందు పై ఆకులు ఆరతాయి, తర్వాత వాటి కిందివి. అలా పొడి అంచు మెల్లగా కిందికి దిగుతుంది. ఆకుల్లోని ప్రాణుల్లో చాలావాటికి పలుచని చర్మం. తేమ పోతే వాటికి చావే. అందుకే అవి పొడికి, వెలుతురుకు దూరంగా, చల్లగా చీకటిగా ఉన్న వైపు కదులుతాయి. ఆ వైపున జాలీ రంధ్రాలు, వాటి కింద గరాటు నున్నని గోడ, దాని కింద తడి సీసా. తేమ కోసం వాటికున్న తపనే వాటిని అక్కడికి చేరుస్తుంది.

పనితనమంతా చిన్న చిన్న జాగ్రత్తల్లో ఉంది. బల్బును మరీ దగ్గరగా పెడితే పొడి అంచు ప్రాణుల నడక కంటే వేగంగా దిగి, అవి దారిలోనే చనిపోతాయి. ఆకులు గోడకు ఆనితే అక్కడ పట్టే నీటి బిందువులకు చిన్న పురుగులు అతుక్కుపోతాయి. అందుకే చుట్టూ వేలెడు ఖాళీ వదలాలి. నేల నుంచి గడ్డగా తీసిన మట్టినైతే తిరగేసి పెట్టాలి. సందులు ఎక్కువగా ఉండే పైభాగం అప్పుడు కిందికి వస్తుంది, ప్రాణులు తమకు అలవాటైన దారుల్లోనే దిగిపోతాయి. పరిశోధకులు సీసాలో ఆల్కహాలు పోస్తారు. బడిలో తడి కాగితం చాలు. చూశాక వాటిని చెట్టు కిందే వదిలిపెట్టవచ్చు. ఆ కాగితాన్ని కాస్త నలిపి వేస్తే వేటాడే జీవుల నుంచి చిన్నవి దాక్కోవడానికి మడతలు దొరుకుతాయి. కరెంటు లేని బడిలో గాలికి ఆరనిచ్చినా పని జరుగుతుంది, కాకపోతే రోజులు ఎక్కువ పడతాయి.

సీసాలోకి చేరినవాటిని తెల్ల పళ్లెంలోకి దించి భూతద్దంతో చూడాలి. ఎనిమిది కాళ్లతో మెల్లగా పాకేవి మైట్లు అనే నల్లుల జాతివి. వాటిలో కొన్నిటికి పెంకు పురుగులాంటి గట్టి డొప్ప ఉంటుంది. తేలులా పటకారు చేతులు చాపి, వెనక తోక లేనిది కనిపిస్తే అది వేటగాడు. ముట్టుకోగానే ఎగిరి మాయమయ్యేవి స్ప్రింగ్‌టెయిళ్లు. వీటి పొట్ట కింద చీలిన కడ్డీ ఒకటి ముందుకు మడిచి, చిన్న కొక్కేనికి తగిలించి ఉంటుంది. కొక్కెం వదలగానే కడ్డీ నేలను తన్నుతుంది, పురుగు గాల్లోకి లేస్తుంది. వీటిలో చాలావాటికి ఊపిరి చర్మం గుండానే. చర్మం తడిగా లేకపోతే ఊపిరి ఆడదు. బల్బు వేడికి అవి ఎందుకంత త్వరగా కదిలాయో పిల్లలకు ఇక్కడే తెలిసిపోతుంది.

ఇంతవరకు ఒక్క గరాటు. పాఠం పూర్తి రూపానికి మూడు గరాటులు కావాలి. ఒకదానిలో చెట్టు కింది ఆకుల పొర, రెండోదానిలో రోజూ ఊడ్చే ఆవరణలోని మట్టి, మూడోదానిలో ఆకులు కాల్చే మూల నుంచి తెచ్చిన మట్టి. కొలత ఒకటే, బల్బు ఎత్తు ఒకటే, సమయం ఒకటే. ఏది మార్చాలి, ఏది మార్చకూడదు అన్న సంగతిని పిల్లలే తేల్చాలి. శాస్త్ర పద్ధతి అంటే ఏమిటో విడిగా చెప్పనక్కర్లేకుండా చేతుల్లోకి వచ్చేస్తుంది. వానలు పడి నేల తడిగా ఉన్న నెలల్లో మొదలుపెట్టి, అదే పనిని వేసవిలో మళ్లీ చేయిస్తే రుతువు కూడా లెక్కలోకి వస్తుంది.

రాలిన ఆకును ఈ ప్రాణులు కొరికి ముక్కలు చేస్తాయి, దాని మీది బూజును మేస్తాయి, ఆ బూజు బీజాలను మోసుకెళ్లి వేరే చోట వేస్తాయి. మిగిలిన పని బూజులు, బాక్టీరియా పూర్తి చేస్తాయి. ఆకులోని పోషకాలు మళ్లీ వేరుకు అందుతాయి. పుస్తకంలో ఒకే బాణం గుర్తుతో చూపించే ఈ మార్పు వెనక ఎన్ని నోళ్లు, ఎన్ని కాళ్లు ఉన్నాయో మూడు సీసాల లెక్క చూపిస్తుంది.

ఈ పాఠం గొప్పతనం నాకు కనిపించేది దీని నిజాయితీలో. ఆకులు కాల్చకూడదని ఉపాధ్యాయులు నీతి చెప్పనక్కర్లేదు. ఏ సీసాలో ఎన్ని వచ్చాయో పిల్లల నోటుపుస్తకంలో వారి చేతిరాతతోనే ఉంటుంది. బడిలో ఊడ్చిన ఆకులను కుప్పేసి నిప్పు పెట్టాలా, చెట్టు మొదట్లోనే పోయాలా అన్న ప్రశ్నకు ఆ అంకెలు చూసి వాళ్లే జవాబు చెప్పగలరు. ఖాళీ సీసా, జాలీ ముక్క, ఒక బల్బు పిల్లలకు ఆ అర్హతను ఇస్తున్నాయంటే, ఇంతకు మించిన ప్రయోగశాల బడికి వెంటనే అవసరం లేదు.